చప్పుడు లేని దిక్కు

"భిక్షపతి పోయిండు."

జనగామలో మూతబడ్డ రైస్ మిల్లు వెనక గదిలో చీఫ్ ముత్తయ్య అన్న మొదటి మాట అది. ఏజెంట్ రుక్కి చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. భిక్షపతి తనను నోరారా చెల్లె అని పిలిచేవాడు.

"బాడీ?"

"దొరకలే. లాస్ట్ మెసేజ్ గిదొక్కటే."

స్పీకర్‌లో గరగర. దాని వెనక భిక్షపతి గొంతు. "మూడు దిక్కుల సప్పుడు... నాలుగో దిక్కు..." అంతే.

ఆకాశం నుంచి దిగిన ఆ సైన్యాన్ని ఫైళ్లలో ఫోర్స్-కె అంటారు. జనం మబ్బోళ్లు అంటారు. భూపాలపల్లి అడవిలో దిగి నెలయింది. కళ్లారా చూసినవాళ్లు లేరు. మూడు రోజులుగా రేగొండకు మూడు వైపులా ఒకటే అరుపులు, మోతలు. ఊరు ఖాళీ చేయించడానికి పగలు పన్నెండుకు బస్సులు. దారి, చప్పుడు లేని తూర్పు రోడ్డు. ఇన్‌చార్జ్ ఏజెంట్ శ్వేత.

"మనోళ్లల్లనే ఎవరో వాళ్లకు ఖబర్ ఇస్తున్నరు. పట్టుకో. నీ బిడ్డ గూడ ఆడనే ఉన్నదట గద?"

"మా అత్త తాన ఉన్నది సార్. ఆరేండ్ల పిల్ల."

పదకొండూ యాభైకి గాజుల గంప నెత్తిన, ఆఫీసోళ్లిచ్చిన షాక్ కడియం చేతికి పెట్టుకుని రుక్కి రేగొండలో దిగింది. మొదటి బస్సు కిటికీలోంచి కూతురు రూప "యాడీ!" అని అమ్మను కేకేసింది. రుక్కి తల తిప్పలేదు. బస్సు పక్కన నల్లకళ్లద్దాలతో శ్వేత.

"చింతపండు ఉన్నదా అక్కా?" రుక్కి అడిగింది.

"పచ్చిపులుసు కొరకేనా?" కోడ్ సరిపోయింది. శ్వేత నవ్వి భుజం మీద చెయ్యేసింది.

అప్పుడు తట్టింది రుక్కికి. శ్వేత వస్తోందంటే ఆఫీసు మెట్ల దగ్గరే సెంటు వాసన కొట్టేది. ఇవాళ లేదు. చేతులకు గలగలమనే గాజులూ లేవు.

మహబూబాబాద్ అవతలి తండాలో తాత చత్రు కుందేళ్ల వేట కళ్లముందు కదిలింది. మూడు వైపులా డబ్బాలు కొడతారు. నాలుగో వైపు వల. వల దగ్గర కూర్చునేవాడు ఆ పూట సబ్బు ముట్టడు, బీడీ కాల్చడు, చప్పుడు చెయ్యడు. వాసనో, అలికిడో తగిలితే కుందేలు వెనక్కి తిరుగుతుంది.

"ఇయ్యాల సెంటు కొట్టుకోలేదేంది అక్కా? వల కాడ కూసున్నవా?"

శ్వేత నవ్వు ఆగిపోయింది. "వేటల నాకు వాటా ఇస్తమన్నరు రుక్కి. నా పానమే ఆ వాటా."

చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. రుక్కి కడియం ఆ మణికట్టుకు తగిలింది. కరెంటు షాక్. శ్వేత కుప్పకూలింది, పిస్టల్ దుమ్ములో పడింది.

రుక్కి మొదటి బస్సెక్కి డ్రైవర్ భుజం తట్టింది. "కొమురయ్యన్నా, పడమటికి తిప్పు! ఎనక బస్సులను గూడ రమ్మను!"

"సప్పుడు దిక్కా? పిచ్చి లేసిందా?"

"డబ్బా కొట్టెటోని చేతిల డబ్బానే ఉంటది, బల్లెం ఉండది. ఓపారి అడివిపంది ఎనకకు మర్లి ఉరికొస్తే మా తాతనే చెట్టెక్కిండు. తిప్పన్నా!"

కొమురయ్య ఏదో గొణుగుతూనే స్టీరింగ్ తిప్పాడు.

మోత మీదికొచ్చింది. చెట్లకు నల్లటి సొరకాయల్లాంటివి వేలాడుతున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి గొంతు. ఏడుస్తున్నాయి, పేర్లు పెట్టి పిలుస్తున్నాయి.

"రుక్కి చెల్లె... ఇటు రాకు... సంపుతరు..."

భిక్షపతి. అదే జీర, అదే ఆయాసం. కొమురయ్య కాలు బ్రేకు మీదికి పోయింది.

రుక్కి రూప రెండు చెవులూ మూసింది. తన చెవులు మూసుకోవడానికి చేతులు మిగల్లేదు. బతికున్నవాడైతే ముందు ఆ నాలుగో దిక్కు సంగతి చెప్పేవాడు.

"ఆయన గాదన్నా. తొక్కు!"

బస్సులు ఆ గొంతుల కిందుగా దూసుకుపోయాయి. ఒక్క సైనికుడూ అడ్డు రాలేదు.

పన్నెండు దాటి పది నిమిషాలు. వెనక తూర్పు రోడ్డు మీద ఆకాశం మెరిసింది. వెండి రంగు వల దిగి, చెట్లను జొన్నకర్రల్లా కోసుకుంటూ నేలకు బిగిసింది. లోపల ఖాళీ రోడ్డు.

వారం తర్వాత ముత్తయ్య సెలవు కాగితం ముందుకు తోశాడు. "బిడ్డను తీస్కొని సప్పుడు లేని జాగకు పో. జర నిమ్మళంగుండు."

రుక్కి కాగితం వెనక్కి తోసింది.

"సెలవొద్దు సార్. బస్టాండ్ ఎనక ఓ రూం ఇప్పియ్యుండ్రి. పక్కన బ్యాండుమేళపోళ్లుంటే ఇంకా మంచిది."