సైనైడ్ దగ్గర తోడు

"బాదంపప్పు వాసన వస్తే వెంటనే చెప్పండి," అందామె, చేతితొడుగులు బిగించుకుంటూ.

"నాకు జలుబండీ," అన్నాడతను.

ఆమె వెనక్కి తిరిగి ఎగాదిగా చూసింది. "మరి మిమ్మల్ని ఎవరు పంపారు?"

"పెద్దసారు. జలుబని చెప్తే సాకులు చెప్పొద్దన్నారు."

మందుల కంపెనీకి చెందిన ఆ ల్యాబ్‌లో ఒక కట్టుబాటు ఉంది. సోడియం సైనైడ్ డబ్బా మూత తీసేవాళ్లు ఒంటరిగా ఉండకూడదు. తలుపు దగ్గర ఒక తోడు నిలబడాలి. తోడు ఏదీ ముట్టుకోకూడదు. పనిచేసే మనిషితో ఆపకుండా మాట్లాడుతూ ఉండాలి, అంతే. జవాబు రాకపోతే అలారం నొక్కాలి.

ఆమె మందులకి కావలసిన నైట్రైల్ తయారుచేసే కెమిస్ట్. బ్రోమైడ్‌కి సైనైడ్ కలిపి వేడిచేస్తే, బ్రోమిన్ లేచి వెళ్లిపోయి ఆ చోట్లో సైనైడ్ కూర్చుంటుంది. అదే నైట్రైల్. అది సరిగ్గా వచ్చిందో లేదో పక్కగదిలో యంత్రం మీద చూసి చెప్పడం అతని ఉద్యోగం.

"ఏదో ఒకటి మాట్లాడండి బాబూ! నోట్లో నాలుక లేని మనిషిని పంపారు, నా ఖర్మ!"

"నాలుక ఉందండీ. సైనైడ్‌ని చూసి లోపలికి పోయింది."

ఆమె నవ్వింది. రక్షణ అద్దాల వెనక కళ్లు కూడా నవ్వాయి. పాపం, అతని పని అక్కడే అయిపోయింది.

తర్వాత సైనైడ్ పని ఉన్నప్పుడల్లా ఆమె అతన్నే పిలిచేది. "కాపలాగారూ, కబుర్ల వేళైంది!" అంటూ పక్కగది తలుపు కొట్టేది. బావగారి గురక గురించి, సైకిలు నేర్చుకుంటూ తను మురికికాలవలో పడటం గురించి చెప్పేది. అక్క తనని ఇప్పటికీ 'బుడ్డోడా' అని పిలుస్తుందని అతను నోరుజారితే, వారం రోజులు ఏడిపించింది. కిటికీల మీద వాన బాదుతుంటే గొంతులు పెంచి మరీ పోట్లాడుకునేవాళ్లు. ఇన్ని చెప్పుకున్నవాళ్లు, చెప్పాల్సిన ఆ ఒక్క మాటా చెప్పుకోలేదు.

ఒకరోజు ఎవరో ఆమె బల్ల మీద యాసిడ్ సీసా మరిచిపోయారు. సైనైడ్‌లో అది పడితే బాదంపప్పు వాసన వేసే విషవాయువు లేస్తుంది. ఆమె తాపీగా సీసా పక్కన పెట్టేసి కబుర్లలో పడింది. అతను మాత్రం ఆ సీసా మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

అప్పటినుంచి పుస్తకాల మీద పడ్డాడు. సైనైడ్ అవసరమే లేకుండా, అమైడ్ అనే ఇంకో పదార్థం తీసుకుని అందులోంచి నీటిని లాగేస్తే అదే నైట్రైల్ మిగులుతుందని చదివాడు. స్నేహితుడైన ఇంకో కెమిస్ట్‌ని బతిమాలి చేయించాడు. యంత్రంలో నైట్రైల్ వచ్చిందని చెప్పే గీత సూదిలా నిలబడింది. ఆమెకి ముందుగా చెప్పలేదు. సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాడు మహానుభావుడు!

మీటింగ్‌లో పెద్దసారు పొంగిపోయాడు. "ఇక సైనైడూ వద్దు, తోడూ వద్దు!" అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు.

"సంతోషమేనా?" అన్నాడతను వరండాలో.

"నా తలుపు దగ్గర నిలబడలేక కాళ్లు నొప్పిపుట్టాయన్నమాట."

"అదేంటండీ?"

"తప్పు లేదు లెండి. ముందే చెప్తే ఇంకొకర్ని పిలుచుకునేదాన్ని."

'మీకేమైనా అవుతుందని భయమేసింది' అంటే సరిపోయేది. అతగాడికి రోషం వచ్చింది. మెచ్చుకుంటుందనుకున్న మనిషి దెప్పేసరికి, ముఖం గంటు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ తలుపు కొట్టలేదు. పంతంలో ఇద్దరూ ఇద్దరే. వానాకాలం అలాగే గడిచిపోయింది.

చివరికి ఆమెకి వేరే కంపెనీలో ఉద్యోగం దొరికిందనీ, ఇక్కడ మానేస్తోందనీ తెలిసింది. వెళ్లే రోజు సాయంత్రం అందరికీ చెప్పి, అతని గదికి కూడా వచ్చింది.

"వెళ్లొస్తానండీ."

అతను లేచి నిలబడ్డాడు. "ఒక్క మాట. ఆ పద్ధతి వెతికింది కాళ్లనొప్పికి కాదు. ఆ యాసిడ్ సీసా చూసినప్పుడు నా ప్రాణం పోయినంత పనైంది. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె అక్కడున్న కుర్చీలో కూలబడింది.

"అమైడ్ పద్ధతి నాకు ముందే తెలుసు," అంది.

"తెలుసా? మరి ఆ సైనైడ్‌తో ఎందుకు చేసేవారు?"

"అమైడ్‌తో చేస్తే మీరెందుకొస్తారు?"

అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "నేను మీ ఇంటికొచ్చి మాట్లాడతాను. ఇప్పుడే వస్తాను."

"ఇన్నాళ్లూ పెళ్లి మాటెత్తితే ఏదో ఒకటి చెప్పి మావాళ్లని ఆపాను. నిన్ననే నాన్నగారికి సరేనన్నాను. ఆ అబ్బాయి మంచివాడు. నా మాట నమ్మి అప్పుడే ఇల్లు చూడటం కూడా మొదలుపెట్టాడు. అతనేం తప్పు చేశాడు చెప్పండి?"

ఆమె లేచి, సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"మొన్న చెప్పినా సరిపోయేది కదండీ," అంది, కళ్లు తుడుచుకుంటూ.