పదకొండు ఫ్రీజర్లనూ ఆపిందెవరు?

మధ్యాహ్నం 1.05. టీకాల స్టోర్ తలుపు తీసి లోపలికి అడుగేసిన స్టోర్ కీపర్ కాలు నీళ్ళలో పడింది.

మొత్తం పదకొండు ఫ్రీజర్లు. అన్నిటి కిందా నీళ్ళే. రేపు పొద్దున పిల్లలకు వేయాల్సిన తొమ్మిది వేల డోసులు పనికిరాకుండా పోయాయి.

2.30కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆ వారంలో ఆయనకిది నాలుగో కేసు. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు. కాసేపు కూర్చుంటే చాలనిపించింది. గదిలో ఉన్న ఒక్క కుర్చీలో మేనేజర్ కూర్చుని ఉన్నాడు.

"కేసు తేలిపోయినట్టే సార్," అన్నాడు మేనేజర్, లేవకుండానే. "11.20కి ఈవిడ లాగిన్ నుంచే ఫ్రీజర్లు ఆపి మంచు కరిగించే డీఫ్రాస్ట్ ఆర్డర్ వెళ్ళింది. పోయిన నెల ట్రాన్స్‌ఫర్ అడిగింది, కుదరదన్నాను. ఆ కక్ష మనసులో పెట్టుకుంది. అరెస్టు చేసి తీసుకెళ్ళండి."

స్టోర్ కీపర్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పద్నాలుగేళ్ళ సర్వీసు. ఆఫీసులో అందరికీ అక్క. ఇవాళ ఆ పిలుపు ఎవరి నోటా రావడం లేదు.

"రేపటి క్యాంపుల వాళ్ళకు చెప్పారా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"కేసు తేలేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాను," అన్నాడు మేనేజర్.

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చి స్టోర్ కీపర్ వైపు తిరిగాడు.

"11.20కి ఏం చేశారమ్మా?"

"ఏజెంట్‌కి పని చెప్పాను సార్."

ఏజెంట్ అంటే మనిషి కాదు. నెల కిందట కంప్యూటర్‌లో పెట్టిన ఏఐ. మాటల్లో చెబితే స్టోర్ సాఫ్ట్‌వేర్‌లోని టూల్స్ వాడి అదే పని చేసిపెడుతుంది.

"ఏమని చెప్పారు?"

"ముసలిదానికి మంచు పేరుకుంది, డీఫ్రాస్ట్ చెయ్యి అన్నాను."

"ముసలిదెవరు?"

"ఏడో నంబర్ ఫ్రీజర్ సార్. అన్నిట్లోకీ పాతది. పక్కనున్న కొత్తదాన్ని కోడలంటాం. ఇక్కడ నంబర్లతో ఎవరూ పిలవరు."

"ముసలిదాంట్లో టీకాలు?"

"పొద్దున్నే తీసి కోడల్లో సర్దాను."

ఇన్‌స్పెక్టర్ ఏడో నంబర్ తలుపు తీశాడు. ఒక్క డబ్బా కూడా లేదు. పక్కనున్న ఎనిమిదోది, కోడలు, తీశాడు. డబ్బాలు కిక్కిరిసి ఉన్నాయి.

ప్రోగ్రామర్‌ను పిలిపించాడు. ఆఫీసులో అతన్ని కళ్ళజోడు అంటారు. లోపలికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నాడు.

"అలారం ఎందుకు మోగలేదు?"

"డీఫ్రాస్ట్‌లో ఉంటే మోగదు సార్."

"11.20కి ఏజెంట్ రాసుకున్న లాగ్ చదువు."

కళ్ళజోడు తెర మీద చూసి చదివాడు. "ముసలిది అన్న పేరు జాబితాలో లేదు. నంబర్ ఇవ్వడం తప్పనిసరి కాదు. నంబర్ లేకుండా పంపుతున్నాను."

"తప్పనిసరి కాదని దానికెవరు చెప్పారు?"

"టూల్ వివరణలో అలాగే ఉంది సార్. ఫ్రీజర్‌ను డీఫ్రాస్ట్ చేస్తుంది, నంబర్ తప్పనిసరి కాదు అని."

"అంతేనా?"

"అంతే."

ఇన్‌స్పెక్టర్ కళ్ళు నులుముకుని మానిటర్ దగ్గరకు వెళ్ళాడు. దాని అంచుకు ఒక పసుపు కాగితం అంటించి ఉంది. పైకి చదివాడు. "నంబర్ వేయకుండా బటన్ నొక్కొద్దు. అన్నీ డీఫ్రాస్ట్ అవుతాయి."

"ఎవరు రాశారిది?"

"నేనే సార్. రెండేళ్ళయింది."

"మనుషులకు కాగితం అంటించావు. ఏజెంట్ ఈ కాగితాన్ని ఎట్లా చూస్తుందయ్యా? దానికి కనబడేది నువ్వు టూల్‌కి రాసిన ఆ రెండు ముక్కలే. నంబర్ లేకపోతే ఏమవుతుందో అందులో ఎందుకు రాయలేదు?"

కళ్ళజోడు మేనేజర్ వైపు చూడకుండా చెప్పాడు. "అన్ని టూల్స్‌కీ వివరంగా రాయడానికి వారం కావాలన్నాను సార్. దానికి బోలెడు తెలివుంది, అదే తెలుసుకుంటుంది, ముందు మొదలుపెట్టమన్నారు."

మేనేజర్ దిగ్గున లేచాడు. "నా మీదికి తోస్తావా?"

ఖాళీ అయిన కుర్చీలో ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. ప్రాణం లేచొచ్చింది.

"కక్ష తీర్చుకునే మనిషి ఒక ఫ్రీజర్ ఖాళీ చేసి, ఆ డబ్బాలు పక్కదాంట్లో సర్దుకుంటుందా మేనేజర్ గారూ? ఏజెంట్ నంబర్ లేకుండానే పంపుతుందని ఆవిడకు తెలియదు. అలా పంపితే అన్నీ ఆగిపోతాయని ఏజెంట్‌కు తెలియదు. దానికా మాట రాయలేదని తెలిసింది మీ ఇద్దరికే. ఆవిడను అరెస్టు చేసే పని లేదు. రిపోర్టులో మీ ఇద్దరి పేర్లూ ఉంటాయి. బాబూ, ఆ వివరణ ఇప్పుడే, నా ముందే రాయి."

కళ్ళజోడు రాశాడు. నంబర్ తప్పనిసరి. నంబర్ లేకపోతే అన్ని ఫ్రీజర్లూ డీఫ్రాస్ట్ అవుతాయి, అలారం మోగదు. ఏ ఫ్రీజరో తెలియకపోతే ఆగి అడగాలి. పావుగంట కూడా పట్టలేదు.

4.10. ఇన్‌స్పెక్టర్ చెప్పగా, ఏజెంట్ ఆర్డర్ ఏదీ ఫ్రీజర్లకు చేరకుండా స్విచ్‌లన్నీ కట్టేసి, స్టోర్ కీపర్ పొద్దుటి మాటే మళ్ళీ టైప్ చేసింది. తెర మీద జవాబు వచ్చింది.

"ఆ పేరుతో ఫ్రీజర్ లేదు. ఏ నంబరో చెప్పండి."

నిర్దోషినని తేలిన సంతోషం ఆమెలో కనబడలేదు. ఇంత చిన్న మాటకు తొమ్మిది వేల డోసులు పోయాయన్న దుఃఖమే ఉంది. "మీరు ఇంటికి వెళ్ళొచ్చమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆమె తల అడ్డంగా ఊపి, క్యాంపుల నంబర్లున్న పుస్తకం తెరిచి, ఫోన్ దగ్గరకు లాక్కుంది.

"హలో, స్టోర్ నుంచి మాట్లాడుతున్నానమ్మా. టీకాలు పాడైపోయాయి. రేపు పిల్లల్ని తీసుకురావద్దని తల్లులకు చెప్పండి. కంప్యూటర్ తప్పంటారా? కాదమ్మా. తప్పు మాదే."