వడ్డన వేళ నాట్యం

ఆదివారం ఉదయం. ఈస్టర్ సెలవులకి బ్యాంకాక్ వెళ్ళి వచ్చి రెండు రోజులైనా సూట్‌కేసులు ఇంకా హాల్లోనే నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. జర్మనీలోని కొలోన్‌లో చలి ఇంకా వదల్లేదు. కనకలత స్వెట్టర్ చేతులు పైకి మడుచుకుని పెసరట్లు వేస్తోంది.

విజయేంద్ర డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని ఫోన్లో సమీక్ష రాస్తున్నాడు. అతనికి అదో పిచ్చి. వాక్యూమ్ క్లీనర్ కొన్నా, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పక్కదానితో పోల్చి స్టార్లు వెయ్యందే నిద్రపట్టదు. నలుగురికీ ఉపయోగపడుతుందంటాడు. ఆ నలుగురూ ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు.

"లతా, థాయ్ డిన్నర్ షోల సంగతి రాస్తున్నా. నది ఒడ్డున చూశామే, మొదటిది, దానికి నాలుగున్నర. రెండోదానికి మూడు. సరేనా?"

"మీ ఇష్టమండీ" అంది కనకలత, పెనం మీంచి చూపు తిప్పకుండా.

మొదటిది పెద్ద హాలు. బఫే ఒక పక్కంతా పరిచారు. వేదిక మీద అమ్మాయిలు వేళ్ళకి పొడవాటి ఇత్తడి గోళ్ళు తొడుక్కుని నాట్యం చేస్తుంటే, కింద జనం పళ్ళేలు పట్టుకుని రొయ్యల కోసం వరస కట్టారు. హనుమంతుడి ముసుగు వేషం రాగానే విజయేంద్ర ఈల కూడా వేశాడు. రెండోది చిన్న చెక్క ఇల్లు. చెప్పులు బయట విప్పి, నేల మీద కూర్చోవాలి. అన్నీ ముందే వడ్డించి, తినడం అయ్యాక గిన్నెలు తీసేసి, దీపాలు తగ్గించి, అప్పుడు మొదలుపెట్టారు. నాట్యకత్తెలు ముందు తమ గురువులకి నమస్కరించారు. ఆ ఎదురుచూపు విజయేంద్రకి నచ్చలేదు. అందుకే మూడు.

"ఒక్కటే అర్థం కాలేదు" అన్నాడు. "మొదటి చోట నీకోసం వెయిటర్‌ని పట్టుకుని చేపల సాస్ లేదుగా అని ఎన్నిసార్లు అడిగానో! అయినా పళ్ళెం ముట్టుకోలేదు. రెండో చోట మాత్రం శుభ్రంగా తిన్నావ్. అక్కడ వెజ్ బాగుందని రాయనా?"

కనకలత పెనం మీద అట్టు తిరగేసింది. సోఫాలో ముడుచుకుని కూర్చున్న రీతు తలెత్తి తల్లివైపు చూసింది. పదిహేనేళ్ళ పిల్ల. తల్లి దగ్గరే కూచిపూడి నేర్చుకుంటోంది. మోకాలు నొప్పని తల్లి లేచి ఆడదు. కుర్చీలో కూర్చుని చేతులతో, కళ్ళతో చూపించి నేర్పుతుంది.

"అసలు సంగతి వినండి" అని విజయేంద్ర ఫోను పక్కన పెట్టాడు. "వచ్చే శనివారం మన ఉగాది ఫంక్షన్‌ని డిన్నర్ షో చేసేస్తున్నాం! లక్ష్మీపతి గారు కూడా సరే అన్నారు."

ఉగాది ఎప్పుడో వెళ్ళిపోయింది. హాలు దొరికినప్పుడే పండగ, ఇక్కడ అలవాటైపోయింది. లక్ష్మీపతి గారు తెలుగు సంఘానికి అధ్యక్షుడు, ఏనాడో ఈ దేశం వచ్చి డాక్టరుగా రిటైరైన మనిషి. విజయేంద్ర కార్యదర్శి.

"పదింటికల్లా తాళాలు హాలు చూసుకునే హౌస్‌మైస్టర్ చేతిలో పెట్టాలి కదా. అందుకని భోజనాలూ డాన్సులూ ఒకేసారి. కింద బిర్యానీ, పైన కూచిపూడి. తల్లీకూతుళ్ళిద్దరూ ఆడతారని చెప్పేశా. మోకాలు ఇప్పుడు బానే ఉందిగా? బ్యాంకాక్‌లో గుడి మెట్లన్నీ గబగబా ఎక్కావ్."

కనకలత స్టవ్ ఆపేసింది.

"ఇష్ మాహె నిష్ట్ మిట్!" అంది రీతు. కోపమొస్తే ఆ పిల్లకి జర్మనే వస్తుంది. "నేను చెయ్యను నాన్నా. జనం తింటుంటే నేను ఆడను. అమ్మ కూడా ఆడదు."

"ఏమైందే? అంత పెద్ద థాయ్ కళాకారులే ఆడుతుంటే మనకేంటి నామోషీ?"

"నీకు నిజంగా తెలీదా?" రీతు సోఫాలోంచి లేచింది. "మొదటి షోలో అమ్మ తినంది సాస్ వల్ల కాదు. స్టేజ్ మీద ఎవరైనా ఆడుతుంటే అమ్మ తినదు. నీళ్ళు కూడా తాగదు. ఎప్పుడూ అంతే. నువ్వు చూళ్ళేదు."

విజయేంద్ర భార్య వైపు తిరిగాడు. "అదేంటి? నువ్వే ఆడావుగా లతా అలా! ఇక్కడికొచ్చిన కొత్తల్లో, దీపావళికి. అప్పుడూ హాలు టైం అయిపోతోందని నీ ఐటం భోజనాల్లోకి జరిపాం. ఎంత సూపర్‌గా చేశావని! ఇప్పటికీ అందరికీ చెప్తుంటా."

"ఏం ఆడానండీ ఆ రోజు?"

"అంటే?"

"సూపర్‌గా చేశానన్నారుగా. ఏం చేశానో చెప్పండి."

విజయేంద్ర నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "తరంగం కదా. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి..."

"పళ్ళెం నేను ఇండియా నుంచి తీసుకురానేలేదు."

కనకలత అట్లకాడ పక్కన పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళూ లోపల అణచుకున్న మాట కాబట్టి చాలా మెల్లగా వచ్చింది.

"అది జోలపాటండీ. నేనే కట్టుకున్నాను. రీతు అప్పుడు పాలు తాగే పిల్ల. ఈ ఊళ్ళో నాకెవరూ లేరు. రాత్రుళ్ళు దాన్ని జోకొడుతూ జోకొడుతూ కట్టుకున్నాను. గంతులుండవు, గజ్జెల చప్పుడు కూడా పెద్దగా ఉండదు. అంతా మొహంలోనే. చూసేవాళ్ళు నా మొహం చూస్తే చాలు. ఆ రోజు లైట్లన్నీ వేసేశారు. పెరుగన్నం అయిపోయిందని ఎవరో అరిచారు. ఒక్కరి మొహం చూద్దామని వెతికాను. మీరు కౌంటర్ దగ్గర గరిటె పట్టుకుని అటు తిరిగి ఉన్నారు. మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా మీ వీపే చూస్తూ ఆడాను."

"లతా..."

"వాళ్ళు చూడనందుకు బాధ లేదండీ. ఇంటికొచ్చాక మీరు అదిరిందన్నారు. అప్పుడు చచ్చిపోయింది నాకు ప్రాణం. మోకాలు నొప్పని అబద్ధం చెప్పాను. నాకే నొప్పీ లేదు."

పెరుగన్నం తక్కువైందని ఆ రోజు తను పడ్డ కంగారు విజయేంద్రకి గుర్తుంది. ఎవరెన్నిసార్లు మెచ్చుకున్నారో గుర్తుంది. భార్య ఏ రంగు చీర కట్టుకుందో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ప్రపంచంలో ప్రతిదానికీ స్టార్లు వేసే మనిషి, చూడని దానికి నిండా వేసి చేతులు దులుపుకున్నాడు. సిగ్గుతో కుంచించుకుపోయాడు.

"చూడలేదు లతా" అన్నాడు చివరికి. "నేను చూడలేదు. చూశానని నన్ను నేనే నమ్మించుకున్నాను."

రీతు వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. విజయేంద్ర ఫోను తీసి లక్ష్మీపతి గారికి చేశాడు.

"నమస్కారమండీ. శనివారం భోజనాలు డాన్సుల తర్వాతేనండీ... తెలుసండీ, తాళాల సంగతి తెలుసు. నా స్పీచ్ తీసేద్దాం. మీరు కోప్పడకపోతే మీదీ తీసేద్దాం... లేదండీ, మా ఆవిడ సంగతి నేను చెప్పలేను, అది ఆవిడ ఇష్టం. ముందు అడక్కుండా మాటివ్వడం నాదే తప్పు. రీతు ఆడితే మాత్రం అందరూ కూర్చుని చూడాలి."

అవతల్నుంచి లక్ష్మీపతి గారు సరేనన్నారు. విజయేంద్ర "థాంక్సండీ" అని పెట్టేశాడు. ఆ తర్వాత కుర్చీలో కూర్చోకుండా, సూట్‌కేసులు గోడవారకి జరిపి, ఖాళీ అయిన చోట నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"శనివారం నీ ఇష్టం. ఇప్పుడు నాకొకసారి చూపిస్తావా?"

"ఇప్పుడా? ఈ స్వెట్టర్లోనా?" కనకలత కళ్ళు తుడుచుకుంది. "ఎన్నేళ్ళైందో. ఏం గుర్తుంటుంది నా మొహం!"

కానీ లేచింది. స్వెట్టర్ విప్పి రీతుకిచ్చింది. నేలకి మొక్కి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. మెల్లగా పాడుకుంటూ మొదలుపెట్టింది. గొంతు మొదట్లో జీరబోయింది, తర్వాత కుదురుకుంది. లేని బిడ్డ ఆమె చేతుల్లోకి వచ్చింది. బిడ్డ మారాం చేసింది, ఆమె విసుక్కుంది, అంతలోనే ముద్దుపెట్టుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, తెలియని ఊరిని చూసి భయపడి, బిడ్డని గుండెకి ఇంకా దగ్గరగా హత్తుకుంది. నాకు తోడు నువ్వొక్కదానివేనని ఆ పసిదానికి కళ్ళతోనే చెప్పింది.

ఆ భయం విజయేంద్రకి ఇప్పుడు తెలిసింది. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకుని, ఇన్నేళ్ళకి తెలిసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ క్షణం ఏం జారిపోతుందోనని భయం.

పాటలో బిడ్డ నిద్రపోయింది. కనకలత చేతులు మెల్లగా కిందికి దించి, కదలకుండా నిలబడింది. అయిపోయిందనుకుని విజయేంద్ర లేవబోయాడు.

"కూర్చోండి" అంది ఆమె, ఆయాసపడుతూ. "ఇంకా అవ్వలేదు."

అతను కూర్చున్నాడు.