ఊడదీసిన గది

మా నక్షత్ర నౌక లాంటి ఓడలన్నిటికీ నడిమి గది ఊడొస్తుంది. అక్కడ గోదాము తగిలిస్తే సరుకుల ఓడ, ప్రయోగశాల తగిలిస్తే పరిశోధన ఓడ. చెప్పులు మార్చినంత తేలిక. కిందటి ప్రయాణంలో అక్కడ మా అక్క ప్రయోగశాల ఉండేది. మంటలంటుకుంటే, కెప్టెన్ అయిన బావ ఆ గదిని విడదీసి శూన్యంలోకి వదిలేశాడు. "అప్పటికే మీ అమ్మాయి పోయింది, క్షణంలో..." అంటూ మా అమ్మ ముందు బావురుమన్నాడు. నమ్మాం.

ఈసారి గోదాము తగిలించారు. నిండా విత్తనాల బస్తాలు. ఓడలో ఇద్దరమే. బావ నడుపుతాడు, నేను మెకానిక్‌ని.

ఆరో రోజు భోంచేస్తున్నాం.

"నీ వంట కన్నా ఇంజన్ ఆయిల్ నయమే మరదలా," అని బావ నవ్వాడు.

అప్పుడొచ్చింది వాసన. ముందు కాలిన వైర్లది. దాని వెనకే, సన్నగా, కాలిన జుట్టు వాసన.

గోదాము తలుపు దాకా పరిగెత్తాను. చెయ్యి ఆనించి చూస్తే మంచులా చల్లగా ఉంది. లోపల్నుంచి మాత్రం...

టక్. టక్ టక్.

"బస్తాలు జారుంటాయి," అన్నాను. వెనకే వచ్చిన బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ రోజూ ఇలాగే కొట్టింది," అని గొణిగాడు.

"అక్క బతికే ఉందా అప్పటికి?"

"మంట ఆరిపోయాక కూడా కొట్టింది... ఆ పాత వైర్లు మార్చమని నాతో ఎన్నిసార్లో పోరింది. బయటికొస్తే అందరికీ చెప్పేస్తుందని..."

తలుపు పక్కనున్న స్పీకరు గరగరలాడింది. అక్క గొంతు.

"ఏవండీ... ఒక్కసారి తలుపు తియ్యరూ?"

ఎవరూ ముట్టుకోలేదు. తలుపు తెరుచుకుంది. లోపల బస్తాలు లేవు. చీకటి... బావ కాళ్లు జారాయి. ఏదో లాగుతోంది. నా మణికట్టు పట్టుకున్నాడు.

"వదలకు... నీకు దణ్ణం పెడతా..."

ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడిపించాను.

తలుపు మూసుకుంది. ఆ తర్వాత లోపల్నుంచి కొట్టింది బావ. తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. చప్పుడు ఆగేదాకా లేవలేదు.

తెరిచి చూస్తే బస్తాలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. మనిషి లేడు. బయటి తలుపు సీలు చెక్కుచెదరలేదు.

ఇంకా పదకొండు రోజుల ప్రయాణం. ఓడలో నేనొక్కదాన్నే. పొద్దున గాలి మీటరు చూసి, పాడైందనుకుని మార్చేశాను. కొత్తదీ అదే చూపిస్తోంది.

గాలి ముగ్గురికి ఖర్చవుతోంది.