ముప్పై ట్రాలీల పెంట

లక్షా ఎనభై వేల రూపాయలు మాయమయ్యాయి. వాటితోపాటు ముప్పై ట్రాక్టర్ ట్రాలీల గొర్రెల పెంట కూడా.

ఎస్ఐ రెబెక్కకు ఈ కేసంటేనే ఒళ్ళు మండిపోతోంది. దొంగతనమైతే పగిలిన తాళమైనా ఉండేది. హత్యయితే శవమైనా ఉండేది. ఇక్కడేముంది? ఒకడు ఇచ్చానంటాడు, ఇంకొకడు పుచ్చుకోలేదంటాడు. కాగితం ముక్క లేదు.

కంప్లైంట్ ఇచ్చింది మల్లీశ్వరి. మర్పల్లి దగ్గర ఎకరంలో ప్లాస్టిక్ కప్పు పాలీహౌస్ వేసి జెర్బరా పూలు పండిస్తోంది. నిందితుడు బీరన్న. గొర్రెల కాపరి. ఆమె సొంత అన్న.

"గొర్ల పెంట ఇస్తనని అడ్వాన్సు తీస్కున్నడు మేడం. ఒక్క ట్రాలీ తోలలే. లోన్ పైసలు ఏడవోయినయని బ్యాంకోళ్లు నన్ను నిలదీస్తున్నరు. సోమవారం లోపట లెక్క చెప్పాలంట."

"పైసలు నీ చేతితోటి ఇచ్చినవా?"

"లేదు. జూన్‌ల ఆపరేషనయ్యి నెల రోజులు తాండూరుల అత్తగారింట్ల మంచం మీదున్న. ప్రణయ్ ఇచ్చిండు."

ప్రణయ్ ఆమె మేనేజర్. బీకాం చదివాడు. పాలీహౌస్ జమాఖర్చులన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. పక్క కుర్చీలో నలగని చొక్కాతో కూర్చున్నాడు.

"క్యాష్ ఎందుకిచ్చినవ్?" రెబెక్క అడిగింది.

"ఫోన్ల వేస్తే ఆయనకు తెల్వదు మేడం."

"రసీదు?"

"మా మేడం సొంత అన్న. ఆయనను రసీదు అడిగితే బాగుంటదా?"

మల్లీశ్వరి తలూపింది. వాళ్ల ఇళ్లల్లో అన్నాచెల్లెళ్ల నడుమ కాగితం పెట్టడమంటే మొహాన ఉమ్మినట్టే. ఆ సంగతి ప్రణయ్‌కూ బాగా తెలుసు.

"మరి పెంట రాకుంటే పూలమొక్కల బెడ్లు ఎట్ల తయారైనయ్?"

"కంపెనీ కంపోస్టు సంచులు కొన్న మేడం. ఇంకో లక్షా తొంభై వేలు. బిల్లుంది."

బిల్లు ఉంది. స్టాంపుతో సహా లక్షణంగా ఉంది.

బయట బెంచీ మీద బీరన్న గొంగడి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"పెంట పంపినవా?"

"పంపిన."

"ఎవరు చూసిన్రు?"

"ట్రాక్టరోళ్లు. దొడ్డికాడ ఎక్కించి పంపిన. ఎనక మందను తీస్కొని దోమ మండలం దిక్కు పోయిన."

"పైసలు ముట్టినయా?"

"లేదు."

"రెండు నెలలు నోరెందుకు మూస్కున్నవ్ పెద్దమనిషీ?"

"చెల్లె దవాఖానల వడి లేసింది మేడం. పైసలకేం తొందర అనుకున్న." అతను గొంగడి అంచు నలిపాడు. "అండ్ల నా దొడ్డిది సగమే. కడమది నలుగురి దొడ్లు ఊడ్సి తెచ్చిన. ఆళ్లు నా ఇంటి ముంగట కూసుంటున్నరు. దొంగ అంటున్నరు. గొర్లమ్మి కట్టుమంటున్నరు."

రెబెక్క పళ్లు నూరుకుంది. ఆ ట్రాక్టరువాళ్లు, బెడ్లు వేసే కూలీలు అందరూ ప్రణయ్ పిలిపించినవాళ్లే. కర్ణాటకవైపు నుంచి వచ్చి, బెడ్లు వేసి వెళ్లిపోయారు. ఫోన్ స్విచ్ఛాఫ్. సీసీ కెమెరా ఫుటేజ్ ఎప్పుడో చెరిగిపోయింది. హెడ్ కానిస్టేబుల్ బాల్‌రాజ్ బషీరాబాద్ దాటి రెండు రోజులు తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు.

"ఎవరినడిగినా 'గొత్తిల్ల' అన్నరు మేడం. తెల్వదంట. ఇగ బీరన్న మీద ఎఫ్ఐఆర్ రాయాల్నా?"

"జర ఆగు! నీకేమంత తొందర?"

అరిచింది బాల్‌రాజ్ మీద గానీ, కోపం తన మీదే. ఆధారం లేదు. ఉన్న ఒక్క కాగితమూ ప్రణయ్ పక్షానే ఉంది. మధ్యాహ్నం జీపు తీసి మల్లీశ్వరితో పాలీహౌస్‌కు వెళ్లింది.

రెండు తలుపులు. ఒకటి మూశాకే ఇంకొకటి తెరవాలి. చుట్టూ సన్నని జాలీ. పిట్ట కూడా దూరలేదు. లోపల ఉక్కకు రెబెక్క యూనిఫాం వీపుకు అతుక్కుపోయింది. ఎత్తైన బెడ్ల మీద జెర్బరాలు వరుసగా ఉన్నాయి. బెడ్ల మధ్య ఎర్రమట్టి దారులు.

నోట్ చేసుకోబోతే పెన్ను జారి బెడ్ మీద పడింది. చెయ్యి పెట్టి తియ్యబోయింది.

"అబ్బా!"

వేలికి ముల్లు దిగింది. జెర్బరాకు ముల్లెక్కడిది? ఆకులు పక్కకు తోసి చూసింది. జానెడు మొలక. సన్నని ఆకులు, పక్కన చిన్న ముళ్లు. తుమ్మ.

"గీ తుమ్మతోని సావొస్తుంది మేడం," మల్లీశ్వరి విసుక్కుంది. "పీకిన కొద్ది మొలుస్తది. కూలోళ్లను పెడితే ఖర్చని పొద్దుగాల నేనే పీకుత. సూడున్రి నా చేతులు."

ఆమె వేళ్లనిండా గీతలు, ఎండిన రక్తపు చుక్కలు.

రెబెక్క వంగి దారులు చూసింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచింది. దారుల్లో ఒక్క మొలక లేదు. బెడ్లలో మాత్రం ప్రతి వరుసలోనూ ఉన్నాయి. ఫోన్ తీసింది.

"బాల్‌రాజ్! ప్రణయ్‌ను, బీరన్నను ఇక్కడికి తీస్కరా. వెంటనే."

సాయంత్రం నాలుగున్నరకు అందరూ బెడ్ల మధ్య నిలబడ్డారు. రెబెక్క పీకిన మొలకను ప్రణయ్ ముందు పెట్టింది.

"ఇదేంది?"

"కలుపు మేడం."

"తుమ్మ. ఈ ఇంట్లకు ఎట్లొచ్చింది?"

"ఎర్రమట్టితోటి వచ్చింటది."

"దారుల్ల వోసింది గూడ అదే మట్టి కదా? అక్కడ ఒక్కటి మొలవలే. బెడ్లల్లనే ఎందుకు మొలిచింది?"

ప్రణయ్ నుదురు తుడుచుకున్నాడు. "కంపోస్టుల..."

"జల్లెడ వట్టి సంచులు కుట్టిన కంపెనీ కంపోస్టులనా? బీరన్నా, ఎండకాలం నీ గొర్లు ఏం తింటయ్?"

"గడ్డేడుంటది మేడం? తుమ్మకాయలే మేస్తయ్."

"కాయ అరుగుతది. గింజ అరగదు. పెంటల వడి, తడి తగలంగనే మొలుస్తది. గొర్రెలు రాని ఇంట్ల తుమ్మ మొలిచిందంటే, గొర్ల పెంట వచ్చినట్టే. ముప్పై ట్రాలీలు ఈ బెడ్లల్లనే ఉన్నయ్. నువ్వు సంచులు కొనలే, ఆ బిల్లు దొంగది. బీరన్నకు పైసలియ్యలే. రెండు దిక్కులా తిన్నవ్. అవునా, కాదా?"

ప్రణయ్ రెండు చేతులూ జోడించాడు. "ఆన్‌లైన్ ట్రేడింగ్‌ల పోయినయ్ మేడం. జర టైమిస్తే వాపస్..."

బాల్‌రాజ్ అతని రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

మల్లీశ్వరి అక్కడే దారిలో కూలబడింది. ముళ్లు గీసిన చేతుల్లో మొహం దాచుకుంది.

"అన్నా... నీ కాళ్లు మొక్కుత."

"ఇన్ని దినాల సంది నా గొర్ల పెంటల మొలిచిన ముళ్లు పీకినవ్. ఒక్కనాడన్న నేను యాదికి రాలేదా?" బీరన్న ఆ తుమ్మ మొలకను చూపించాడు. "పోలీసోళ్లనడిగినవ్. నన్నొక్క మాట అడగకపోతివి."

గొంగడి భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"ట్రాలీకి ఆరు వేలు. ముప్పై ట్రాలీలు. పైసలు రేపు స్టేషన్‌కు తీస్కరా. బాల్‌రాజ్ సారుతోని రాయించి ఏలిముద్ర ఏస్త. రసీదు తీస్కో."