అరువు చెయ్యి

శశిపురంలో పవర్ టూల్స్ కొనేవాళ్లు ముందు నడుముని బల్లకి కట్టి ఉంచే బెల్టు కొనాలి. చంద్రుడి మీద బరువు తక్కువ కాబట్టి డ్రిల్ బిగుసుకుపోతే చెక్క కదలదు, పట్టుకున్న మనిషే గిర్రున తిరుగుతాడు. దుకాణంలోని ఎంపిక యంత్రం ఈ సంగతి హైమవతికి ఓపిగ్గా చెప్పింది.

"మీ సామాన్ల గది చిన్నది మేడమ్. టేబుల్ సా లాంటి పెద్ద కోత బల్ల పెడితే మీకు నిలబడే చోటుండదు. డ్రిల్, కోతకి జిగ్‌సా, నునుపుకి శాండర్ చాలు. మూడింటికీ దుమ్ము పీల్చే గొట్టం తప్పదు. ఊరిని కప్పిన గోపురం కింద గాలి అందరిదీ కదా! మామూలువి ఇవ్వనా, హస్తస్మృతి ఉన్నవా?"

హస్తస్మృతి అప్పుడప్పుడే వచ్చిన కొత్త విద్య. నేర్పున్న చెయ్యి ఎలా కదులుతుందో, ఎక్కడ ఎంత నొక్కుతుందో సెన్సర్లు పట్టి దాస్తాయి. తర్వాత ఎవరు ఆ పనిముట్టు పట్టుకున్నా పిడిలోని మోటార్లు వాళ్ల మణికట్టుని అదే దారిలో నడిపిస్తాయి.

హైమవతి తటపటాయించింది. ఆక్సిజన్ ప్లాంటులో రిటైరైన భర్త ఫల్గుణరావు ఏడాదిగా మామూలు పనిముట్లతో వడ్రంగం నేర్చుకుంటున్నాడు. కూతురు మైథిలికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకి అతను ఒక ఊయల మొదలుపెట్టి, "నువ్వూ ఒక ఊయల చెయ్యి. బిడ్డ ఎవరి ఊయల్లో పడుకుంటుందో చూద్దాం" అని నవ్వుతూ పందెం వేశాడు.

"హస్తస్మృతి ఉన్నవే ఇవ్వు" అంది హైమవతి. ఇంటికెళ్లి మాత్రం మామూలువే తెచ్చానని చెప్పింది.

వెదురు పలకలు వెన్నలా తెగాయి. అతుకు ఎక్కడుందో కనపడలేదు. ఊయల చూసి మైథిలి తల్లిని కావలించుకుంది. "అమ్మా, నీలో ఇంత పనితనం ఉందని ఎప్పుడూ చెప్పలేదేం?"

ఫల్గుణరావు కూడా మెచ్చుకున్నాడు. అంచుల మీద వేలు పోనిచ్చి, "చాలా బాగుంది హైమా" అన్నాడు. మర్నాడు హైమవతి చూసేసరికి అతను సగం చేసిన తన ఊయలని విప్పి, పలకల్ని చెత్తబండిలో వేస్తున్నాడు. ఆమె తలుపు చాటునుంచి వెనక్కి వెళ్లిపోయింది.

ఆ సిగ్గు భరించలేక పనిముట్లు తీసుకుని దుకాణానికి పరుగెత్తింది.

"ఇవి వెనక్కి తీసుకో. వీటిలో ఉన్న చెయ్యి ఎవరిది? ఎవరి పని నాదని చెప్పుకున్నానో తెలియాలి."

"ఆయన పేరు చెప్పడానికి ఒప్పుకున్నారు మేడమ్. ఫల్గుణరావుగారు. పరిశోధన కోసమని తన చేతి కదలికలు ఇచ్చారు."

"మా ఆయనా?" అంది హైమవతి. "ఆయన చేసిన స్టూలు కూడా సరిగ్గా నిలబడదే!"

"చెయ్యి మంచిదే. కానీ ప్రతి కోతకీ మధ్యలో ఆగుతారు, తప్పేమోనని దారి మారుస్తారు. మేం ఆ సంకోచం ఒక్కటే తీసేశాం. ఇంకేమీ కలపలేదు."

భర్తని భర్త చేత్తోనే ఓడించింది. ఓడించి, ఆ చెయ్యి ఎందుకూ పనికిరాదని అతన్నే నమ్మించింది. దారి పొడుగునా తలెత్తలేకపోయింది.

ఇంటికొచ్చి ఏదీ దాచకుండా చెప్పేసింది. "నేను అబద్ధమాడానండీ. ఆ ఊయల మీరు చేసిందే. మీ చెయ్యే చేసింది. మీకు ఏ యంత్రమూ అక్కర్లేదు. రేపట్నుంచి మళ్లీ మొదలుపెట్టండి."

ఫల్గుణరావు చాలాసేపు తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. అరుస్తాడేమోనని ఆమె ఎదురుచూసింది. అరిచినా బాగుండేది.

అతను మెల్లగా, మొహమాటపడుతూ అడిగాడు.

"హైమా... ఆ పనిముట్లు ఇంకా దుకాణంలోనే ఉన్నాయా? ఎవరూ కొనకముందే నాకు తెచ్చిపెడతావా?"