మిగతా సగం అంగీకారం

పొద్దున్నే దుబాసీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. ఇంట్లో అందరూ ఆమెను దుబాసీ అనే పిలుస్తారు. మొదట్లో ముద్దుగా పెట్టిన పేరే, ఈమధ్య ఆ పిలుపులో ముద్దు తగ్గింది. గని ఆఫీసులో ఆమె ఉద్యోగం అదే. కొండ మనుషుల మాటను ఆఫీసు భాషలో చెప్పాలి, ఆఫీసు మాటను కొండ భాషలో చెప్పాలి. ఆ కొండ మనుషుల్లో ఆమె అమ్మా నాన్నా కూడా ఉన్నారు.

తల్లి గుమ్మంలో కూర్చుని చేటలో విత్తనాలు ఏరుతోంది.

"ఎగువ చేనుకి ఇవి చాలవేమోనే."

"ఎగువ చేనులో ఈసారి విత్తడం లేదమ్మా. గనికి ఇచ్చేశారు."

"ఎవరిచ్చారు?"

"అందరూ. గని వాళ్లు పెట్టిన సభలో ఒక్కరూ కాదనలేదుగా."

తల్లి చేట కింద పెట్టింది. "కాదనలేదా? నువ్వక్కడే ఉన్నావు కదే."

ఉంది. చూసింది కూడా. ఎదురుగా కూర్చున్న అతిథికి నోటితో కాదని చెప్పడం కొండ మనుషుల్లో లేదు. ఇష్టమైతే లేచి రెండు చేతులూ పట్టుకుంటారు. ఇష్టం లేకపోతే మంచినీళ్లిచ్చి, నేల చూస్తూ కూర్చుంటారు. ఆ మాత్రం అక్కడ చంటిపిల్లలకైనా తెలుసు. సభలో నలభై మంది గంటసేపు నేల చూశారు. ఆఫీసరు నవ్వి, "రాసుకోమ్మా, అభ్యంతరాలు లేవు" అన్నాడు. ఆమె రాసింది. భయమా అంటే కాదు, ఆశా అంటే అదీ కాదు. అప్పటికి రెండేళ్లుగా అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసీ మోసీ లోపల ఏదో మొద్దుబారిపోయింది. చెయ్యి రాసుకుపోయింది, అంతే.

"మౌనం అర్ధాంగీకారమని ఆఫీసు వాళ్లలో సామెత ఉందమ్మా" అంది, ఇస్త్రీ పెట్టె ఆపకుండా.

మూల కూర్చుని పారకు పిడి బిగిస్తున్న తండ్రి తలెత్తాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప, ఆ మనిషి.

"అర్ధమేగా. మిగతా సగం ఎవరిచ్చారు?"

దుబాసీ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. చొక్కా తొడుక్కుంది. కాలర్ వేడిగా మెడకు తగిలినా తీయాలనిపించలేదు.

ఇంతలో బయట జీపు ఆగింది. ఆఫీసరు చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చాడు. మర్యాదస్తుడే, అందులో వంక పెట్టడానికి లేదు.

"మీ ఇంటి వేలిముద్ర ఒక్కటే మిగిలిందమ్మా. ఇది అయితే సాయంత్రానికి ఫైలు పైకి పంపేస్తాను."

తల్లి గ్లాసుతో నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. నేల చూసింది. సభలో లాగే, అదే మౌనం, అదే నేల. ఆఫీసరు కాసేపు ఓపిక పట్టి, సిరా డబ్బా మూత తీశాడు.

"సరేనన్నట్టేగా? చెప్పమ్మా, వేలు పెట్టమని."

దుబాసీ నోరు తెరిచింది. మాట రాలేదు. తల్లి కళ్లెత్తి కూతురి వైపు చూసింది. తిట్టలేదు, బతిమాలలేదు, ఊరికే చూసింది. ఈ పిల్ల చెప్పదని ఆమెకు ఆ చూపులోనే తెలిసిపోయినట్టుంది.

అప్పుడు ఆ తల్లి, యాభై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ చేయని పని చేసింది. అతిథి మొహం సూటిగా చూస్తూ తన భాషలో గట్టిగా ఒకే ముక్క అంది. తండ్రి చేతిలో పిడి జారి కింద పడింది.

"ఏమంటోందమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఇవ్వనంటోంది సార్." ఆ గొంతు తనదేనా అనిపించింది దుబాసీకి. "సభలో కూడా అందరూ ఇచ్చేది లేదనే అన్నారు. మాలో కాదనడం అంటే అలా ఊరుకోవడమే. తెలిసే నేను తప్పు రాశాను."

ఆఫీసరు సిరా డబ్బా మూశాడు. "అది కాగితం మీద రాసి సంతకం పెట్టాలి నువ్వు. తర్వాత నీ ఉద్యోగం సంగతి నా చేతిలో ఉండదు."

"ఇప్పుడే రాసిస్తాను సార్."

రాసిచ్చింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు. నీళ్లు ముట్టనే లేదు.

ఆ గ్లాసు చూసి తల్లి ఏడవడం మొదలుపెట్టింది. "గుమ్మం తొక్కిన మనిషిని నోటితో కాదన్నానే. మా అమ్మ అనలేదు, వాళ్లమ్మ అనలేదు. నాతో అనిపించావు."

 రెండేళ్ల తర్వాత మొదటిసారి దుబాసీకి నొప్పి నొప్పిగా తెలిసింది. ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు. తను చెప్పాల్సిన మాట అమ్మ చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగం పోతే పోనీ, ఆ సంగతి ఎప్పటికీ పోదు.

చాలాసేపయ్యాక తల్లి కొంగుతో మొహం తుడుచుకుని చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"ఫైలు ఏమవుతుందో ఏమో. విత్తే రోజు మాత్రం ఆగదుగా. రేపు నాతో ఎగువ చేనుకి వస్తావా?"

దుబాసీ ఏమీ అనలేదు. లేచి వచ్చి, తల్లి రెండు చేతులూ పట్టుకుంది.